ఇల్లలికిన ఈగ, ఇసుకలోని ఈగ

ఇల్లలుకుతూ అలుకుతూ ఈగ తన పేరు తానే మరచిపోయిందన్న కథ తెలియని తెలుగుపిల్లలు ఉండరు. పాపం, అది పేదరాశి పెద్దమ్మను అడిగింది. చెట్టును అడిగింది. గుర్రాన్ని అడిగింది. చివరికి గుర్రం కడుపులోని పిల్ల సకిలిస్తే, ఆ సకిలింపులో తన పేరు విని, బతుకుజీవుడా అని ఇంటిదారి పట్టింది. పిల్లలు ఈ కథ విని నవ్వుతారు. పెద్దలు దీన్ని సామెత చేసుకుని, పనిలో పడి ఒళ్ళు మరచిన వాళ్ళను ఎగతాళి పట్టిస్తారు.

అయితే ఒక్క సంగతి ఆలోచించండి. అంత తిరిగినా ఆ ఈగకు దొరికిన పేరేమిటి? "ఈగ". అంతే! ఏ ఈగ అన్నది గుర్రప్పిల్ల చెప్పలేదు. మనమూ ఎన్నడూ అడగలేదు.

అడగవలసిన మాటే సుమండీ. లోకంలో ఈగ, దోమ జాతికి చెందినవి శాస్త్రజ్ఞులు ఇప్పటికి లక్షన్నరకు పైగా రకాలు గుర్తించి పేర్లు పెట్టారు. పేరు పెట్టనివి ఇంకా ఎన్నో ఉన్నాయి. మన భాష మాత్రం ఈ విషయంలో కొంత ఉదారంగా ప్రవర్తించింది. తేనెటీగ అన్నాం, కందిరీగ అన్నాం, తూనీగ అన్నాం, జోరీగ అన్నాం. వీటిలో నిజమైన ఈగ జోరీగ ఒక్కటే! కావాలంటే రెక్కలు లెక్కపెట్టి చూడండి. తేనెటీగకు, కందిరీగకు, తూనీగకు నాలుగేసి రెక్కలు. ఈగకూ, దోమకూ, జోరీగకూ రెండే. వెనుక రెక్కలు ఉండవలసిన చోట గుండుసూదుల్లాంటి రెండు గుబ్బకాడలు మాత్రం ఉంటాయి. ఎగిరేటప్పుడు ఒరిగిపోకుండా అవి ఈగకు తూకం చూసిపెడతాయి.

ఈ కుదురుకంతటికీ శాస్త్రంలో "డిప్టెరా" అని పేరు. గ్రీకుభాషలో రెండు రెక్కలవి అని అర్థం. ఆ "డి" మన సంస్కృతంలోని "ద్వి"కి తోబుట్టువు. "ప్టెరా"లోని ధాతువూ, రెక్క అని అర్థమిచ్చే మన "పత్ర", "పతత్ర" శబ్దాలలోని ధాతువూ ఒక్కటే. ఈగను గ్రీకువాడు పిలిచినా మనం పిలిచినా దూరపు చుట్టరికం ఉందన్నమాట.

ఒక సమాసం తెచ్చిన చిక్కు

తెలుగు పాఠం చెప్పుకునే మాస్టారికి ఈగలతో ఏం పని అని మీరు అడగవచ్చు. నన్ను వాటి దగ్గరికి లాక్కుపోయింది కూడా ఒక తెలుగు మాటే.

భీమునిపట్నానికి ఉత్తరంగా సముద్రపుటొడ్డున ఉన్న ఒక చిన్న పల్లెనుంచి మా కాలేజీకి వచ్చి బి.ఏ. చదువుతున్న కుర్రవాడొకడున్నాడు. ఒకనాడు క్లాసు అయిపోయాక నా దగ్గరకొచ్చి, ఆరోగ్యం గురించి అచ్చువేసిన ఒక కరపత్రం చేతికిచ్చాడు. "ఇసుక ఈగ" కుట్టడం వల్ల కాలా అజార్ అనే జ్వరం వస్తుందనీ, వైద్యం జరగకపోతే ప్రాణం తీస్తుందనీ అందులో ఉంది.

"మాస్టారూ, ఇసుక ఈగ అంటే ఇసుకలో ఉండే ఈగేనాండీ?" అన్నాడు.

వ్యాకరణం చెప్పేవాడికి ఇది మామూలు ప్రశ్నే. సప్తమీ తత్పురుషమైతే ఇసుకలోని ఈగ. ఉపమానం పూర్వపదంగా ఉన్న కర్మధారయమైతే ఇసుకవంటి ఈగ, అంటే ఇసుకరేణువులా సన్నని ఈగ. కాని కుర్రవాడి ముఖం చూస్తే పరీక్ష కోసం అడిగినట్టు లేదు. కూర్చోబెట్టి అడిగితే అసలు సంగతి బయటపడింది.

వాడి తమ్ముడికి ఎనిమిదేళ్ళు. ఒడ్డున ఆడుకుని వచ్చినప్పుడల్లా కాళ్ళనిండా దద్దుర్లు. గోకి గోకి అవి పుండ్లయ్యాయి. పల్లెలో మరి నలుగురైదుగురు పిల్లలదీ అదే అవస్థ. సాయంత్రంపూట ఇసుకలోంచి లేచి కుట్టే, కంటికి ఆనీ ఆనని పురుగును వాళ్ళు ఇసుకదోమ అంటారు. కరపత్రం ఊళ్ళోకి వచ్చాక ఇసుకదోమ, ఇసుక ఈగ ఒక్కటేనన్నారు. అంతే, కాలా అజార్ వచ్చిందన్న పుకారు ఇల్లిల్లూ తిరిగింది. ఒకరిద్దరు పిల్లలను చుట్టాల ఊళ్ళకు పంపేశారు. ఒడ్డు పొడవునా మందు కొట్టించాలని ఇంటికి 200 రూపాయలు వసూలు మొదలుపెట్టారు. అవి ఏ రోజులనుకున్నారు? మే నెల. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ మరపడవల వేట నిషేధం. పడవలు ఒడ్డునుంటే చేతిలో పైసా ఆడదు. అటువంటి రోజుల్లో 200 రూపాయలంటే ఆ ఇళ్ళలో చిన్నమాట కాదు.

సమాసానికి సరైన విగ్రహం చెప్పడంలో ఒక తల్లి నిద్ర, ఒక పల్లె డబ్బు ఆధారపడి ఉన్నాయని నాకప్పుడు తోచింది. కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని మా జువాలజీ మాస్టారి గదికి వెళ్ళాను. ఆయన అంతా విని, "వాదన తరువాత. ముందు ఈగను పట్టుకురండి. కాదు, నేనే వస్తాను పదండి," అన్నారు.

పేరు తెలియక పోయిన ఏళ్ళు

చిన్న పురుగు పేరుకు ఇంత పట్టింపెందుకు అనుకునేవారికి మన దేశంలోనే జరిగిన రెండు కథలు చెప్పాలి.

కాలా అజార్ కలిగించే సూక్ష్మజీవిని 1903లో ఇద్దరు డాక్టర్లు వేరువేరుగా కనుక్కున్నారు. ఒకరు లీష్మన్, రెండవవారు మద్రాసు ఆసుపత్రిలో పనిచేసిన డోనవన్. అందుకే దానికి ఇద్దరి పేర్లూ కలిపి "లీష్మానియా డోనవాని" అని పెట్టారు. క్రిమి దొరికింది, మరి అది ఒకరినుంచి ఒకరికి ఎలా చేరుతోంది? మద్రాసులోనే పరిశోధన చేసిన పాటన్ అనే ఆయన నల్లిని అనుమానించాడు. ఏళ్ళతరబడి నల్లి మీదనే నిఘా! అసలు దోషి అప్పటికి కనీసం పేరైనా లేని ఒక చిన్న ఈగ. 1908లో కలకత్తాలోని అన్నండేల్, బ్రూనెట్టి దానికి "ఫ్లిబాటమస్ అర్జెంటిపెస్" అని నామకరణం చేశారు. వెండికాళ్ళది అని అర్థం. దాని కడుపులో ఈ క్రిమి పెరుగుతుందని 1924లో తేలింది. అయినా కుట్టించి చూస్తే జబ్బు అంటుకోలేదు. రక్తం తాగిన తరువాత ఆ ఈగకు ఎండుద్రాక్ష తినిపిస్తే క్రిమి బాగా వృద్ధి అవుతుందని గ్రహించాక గాని దారి దొరకలేదు. చివరికి 1942లో స్వామినాథ్, షార్ట్, ఆండర్సన్ అనే ముగ్గురు దాని కాటువల్లే మనిషికి జబ్బు వస్తుందని రుజువు చేశారు. క్రిమి దొరికినప్పటినుంచి ఈగ మీద నేరం రుజువయ్యేదాకా 39 ఏళ్ళు!

రెండవ కథ మన సికింద్రాబాదులో జరిగింది. మలేరియాను దోమ మోస్తుందని నిరూపించాలని రొనాల్డ్ రాస్ దోమలను కోసి కోసి చూశాడు. ఏ దోమకు ఏ పేరో చెప్పే పుస్తకం ఆయన చేతిలో లేదు. బూడిదరంగువి, చారలవి, రెక్కల మీద మచ్చలవి అని తనకు తోచినట్టు గుర్తులు పెట్టుకున్నాడు. మొదటి రెండు రకాలలో ఎంత వెదికినా ఏమీ కనబడలేదు. 1897 ఆగస్టు 20న రెక్కల మీద మచ్చలున్న దోమను కోసినప్పుడు గాని రహస్యం బయటపడలేదు. ఆ మచ్చల దోమనే ఇవాళ అనాఫిలిస్ అంటున్నాం.

తమాషా ఏమిటంటే, ఇందాక చెప్పిన బ్రూనెట్టి వృత్తిచేత సంగీత విద్వాంసుడు. వాయిద్యం వాయించుకుంటూనే మన దేశపు ఈగల మీద పెద్ద పెద్ద గ్రంథాలు రాశాడు. ఆయన సంగతి విన్నాక తెలుగు మాస్టారు మైక్రోస్కోపులో కన్ను పెట్టడం అంత విడ్డూరమేమీ కాదని ధైర్యం వచ్చింది.

ఆముదం కాగితాలు, పీల్పుడు గొట్టం

శనివారం సాయంత్రం మేము ముగ్గురం పల్లె చేరుకున్నాం. మా సరంజామా చూసి పిల్లలంతా మూగారు. గుడ్డసంచి తొడిగిన వల ఒకటి, స్పిరిట్ పోసిన చిన్న చిన్న సీసాలు, పెన్సిలు, కాగితం ముక్కలు, ఒక తెల్లపళ్ళెం, సబ్బునీళ్ళు. అన్నిటికన్నా పిల్లలకు నచ్చింది పీల్పుడు గొట్టం. గాజుసీసా మూతకు రెండు గొట్టాలుంటాయి. ఒకటి ఈగ దగ్గర పెట్టి రెండవ దానితో నోటితో పీలిస్తే ఈగ వచ్చి సీసాలో పడుతుంది. నోట్లోకి రాకుండా లోపల సన్నని గుడ్డ అడ్డం కట్టి ఉంటుంది. ఇంత చిన్న ఈగలను చేత్తో పట్టుకుంటే నలిగిపోతాయి. నలిగితే ఒంటిమీది వెంట్రుకలు రాలిపోతాయి. ఆ వెంట్రుకలే వాటి ఊరూ పేరూ!

సూర్యుడు కుంకుతుండగా జువాలజీ మాస్టారు పంట్లాం మోకాళ్ళదాకా మడిచి ఇసుకలో కూర్చున్నారు. నిమిషాలలోనే ఇసుకదోమలు ఆయన కాళ్ళ మీద వాలాయి. కుర్రవాడు గొట్టంతో ఒక్కొక్కదాన్నీ పీల్చాడు. ఆయన ముఖంలో బాధకంటె సంతోషమే ఎక్కువ కనబడింది.

చీకటిపడ్డాక ఇళ్ళ వైపు నడిచాం. కాగితాలకు ఆముదం పూసి గోడల నెర్రెల దగ్గర, పశువులపాకలో వేలాడగట్టారు. కాలా అజార్ ఈగను పట్టే పాతపద్ధతి ఇదేనట. వాలిన ఈగ ఆముదానికి అతుక్కుపోతుంది.

కుర్రవాడి ఇంట్లో వాళ్ళమ్మ తమ్ముణ్ణి ముందుకు లాగింది. "మా గుంటడి కాళ్ళు సూడండి బాబూ. రేత్రంతా గోకుడే," అంది. దీపం దగ్గరగా పెట్టి చూశాం. పిల్లవాడికి జ్వరం లేదు. ఒళ్ళు నీరసించలేదు. పుండ్ల మీద మాత్రం నల్లని నుసుములు వాలి ఉన్నాయి. తోలితే లేచి మళ్ళీ అక్కడే వాలుతున్నాయి. నుసిలా ఉంటాయనే వాటిని నుసుములన్నారేమో. గొట్టం పెట్టి నాలుగింటిని పట్టాం.

మరునాడు తెల్లవారగట్ల సముద్రం వెనక్కి తగ్గాక ఒడ్డు చూశాం. తడి ఇసుక మీద గోధుమరంగు ఈగలు, తుంపరలు పడే రాళ్ళ మీద బూడిదరంగు ఈగలు, నీటి అంచున పరుగులుతీసే పచ్చని మెరుపు ఈగలు. దూరంనుంచి చూస్తే అన్నీ ఒక్కటే. అన్నీ రెండు మూడు మిల్లీమీటర్లవే. ఒక్కో చోటివి ఒక్కో సీసాలో వేసి, చోటు, తేదీ, వేళ పెన్సిలుతో రాసిన చీటీ లోపలే పడేశాం. సిరా అయితే స్పిరిట్‌లో కరిగిపోతుంది. చీటీ లేని ఈగ చిరునామా లేని ఉత్తరం లాంటిది. ఎంత మంచిదైనా పనికిరాదు.

ఈగకు గణవిభజన

కాలేజీలో మూడు సాయంకాలాలు మైక్రోస్కోపు ముందు గడిపాం. నాకు ఆశ్చర్యం కలిగించిన విషయమేమిటంటే, ఈగ పేరు కనుక్కునే పద్ధతి నేను క్లాసులో పద్యం పేరు కనుక్కోమని నేర్పే పద్ధతే!

పద్యం చేతికిస్తే మనం ఏం చేస్తాం? గురులఘువులు గుర్తిస్తాం. గణాలు విడదీస్తాం. యతి ఎక్కడ పడిందో చూస్తాం. ఉత్పలమాల, చంపకమాల చెవికి అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులు చేస్తే చంపకమాల అవుతుంది. యతి పదవ అక్షరానికి బదులు పదకొండవ అక్షరం మీద పడుతుంది. ఆ చిన్న తేడాయే వాటి పేర్లను వేరుచేస్తుంది. ఈగల పుస్తకంలోనూ అంతే. ప్రతిమెట్టులోనూ రెండు దారులుంటాయి. ఇది ఉందా, లేదా? ఉంటే ఇటు వెళ్ళు, లేకపోతే అటు వెళ్ళు. అలా మెట్టుమెట్టుగా దిగితే కుటుంబం పేరు తేలుతుంది.

తడి ఇసుక మీది గోధుమరంగు ఈగనూ, రాళ్ళ మీది బూడిదరంగు ఈగనూ పక్కపక్కన పెట్టాం. మొదట నాకు రెండూ ఒక్కటిగానే కనబడ్డాయి. "రెక్క ముందంచు చూడండి," అన్నారు జువాలజీ మాస్టారు. ముందంచున లావుపాటి ఈనె ఒకటి నడుస్తుంది. ఇసుక ఒడ్డు ఈగకు ఆ ఈనె రెండుచోట్ల తెగినట్టు నొక్కులున్నాయి. రాతి ఈగకు ఒక్కచోటనే. ముఖం చూస్తే మొదటిదానికి మూతి ఉబ్బి నోరు పెద్దది. రెండవదానికి కళ్ళ పక్కన ముళ్ళవంటి వెంట్రుకలు బయటివైపుకు వంగి ఉన్నాయి. చెంపల మీది వెంట్రుకలు పైకి తిరిగి ఉన్నాయి, మెలివేసిన మీసంలా. మొదటిది ఎఫిడ్రిడే కుటుంబం, అంటే తీరపు ఈగలు. రెండవది కెనాసిడే, అలల ఈగలు. ఉత్పలమాల, చంపకమాల తేలిపోయాయి!

తీరపు ఈగల కుటుంబం చాలా పెద్దది. దాదాపు రెండు వేల రకాలున్నాయి. ఇసుక మీది నాచుపొర తిని బతికేవి కొన్ని, మనిషి నాలుకకు సైతం ఓర్వలేని ఉప్పునీటి మళ్ళలో పిల్లలను పెంచేవి కొన్ని. కాలిఫోర్నియాలో ఒక రకం ఈగ పురుగుదశలో ముడిచమురు మడుగులోనే పెరుగుతుంది. ఇటు అలల ఈగలు సముద్రపు తుంపరలు తగిలే చోటు వదిలి పోవు. ఈ రెండు రకాలకూ మనిషిని కుట్టే నోరే లేదు.

పచ్చని మెరుపు ఈగ పేరు సులువుగానే దొరికింది. పొడుగుకాళ్ళు, కంసాలి సానబట్టినట్టున్న ఆకుపచ్చ ఒళ్ళు, మగదానికి తోకభాగం మడిచి పొట్టకింద పెట్టుకున్నట్టు ఉండడం. డోలికోపోడిడే, పొడుగుకాళ్ళ ఈగల కుటుంబం. ఏడు వేలకు పైగా రకాలున్నాయి. ఇవి వేటగాళ్ళు. తమకంటె చిన్న పురుగులను పట్టి తింటాయి.

ఇక అసలు ముద్దాయి. మాస్టారి కాళ్ళ మీద వాలిన ఇసుకదోమను అద్దం కింద పెట్టాం. ఒక మిల్లీమీటరు కంటె కొద్దిగా ఎక్కువ. రెక్కల మీద మేఘాల్లాంటి మచ్చలు. వాలినప్పుడు రెక్కలు ఒకదానిమీద ఒకటి, కత్తెర మూసినట్టు, వీపుమీద పరుచుకుంటుంది. పొట్టిది గాని పదునైన నోరు. సెరటోపోగోనిడే కుటుంబంలోని క్యూలికాయిడిస్ అని తేలింది. కుట్టేది ఆడది మాత్రమే. గుడ్లు పెట్టడానికి దానికి రక్తం కావాలి. తడి ఇసుకలో, బురదలో దాని పిల్లలు పెరుగుతాయి.

పిల్లవాడి పుండ్ల మీది నుసుము తల చూస్తే నడినెత్తిన నిగనిగలాడే త్రికోణపు పలక, పెద్ద తిలకం పెట్టినట్టు. క్లోరోపిడే కుటుంబం. కళ్ళ చుట్టూ, పుండ్ల చుట్టూ ముసిరే ఈగ ఇదే. దానికి కుట్టడం చేతకాదు. కాని ఒకరి కంటి పుసి, ఒకరి పుండు చీము మరొకరికి మోసుకుపోవడం బాగా చేతనవును.

మిగిలినవి ఆముదం కాగితాలు. ఇంటి గోడల దగ్గరి కాగితాలకు ఏమీ అంటలేదు. పశువులపాకలో కట్టినదానికి మాత్రం రెండు ఈగలు అతుక్కున్నాయి. ఒళ్ళంతా నూగు. రెక్కలు పైకెత్తి కోడిపిల్ల రెక్కలార్చినట్టు నిలబెట్టుకుంది. ఇదీ కరపత్రంలోని ఇసుక ఈగల కుదురుకు చెందినది! సముద్రపు ఇసుకలో కాదు, పశువులపాక తేమనేలలో, గోడ నెర్రెలలో అది కాపురముంటుంది. సమాసానికి విగ్రహం దొరికింది: ఇసుకలోని ఈగ కాదు, ఇసుకవంటి ఈగ.

ఈ కుదురులో రకాలెన్నో ఉన్నాయి. కొన్ని బల్లులనే ఎక్కువగా కుడతాయి. వెండికాళ్ళ రకం కూడా దేశంలో చాలాచోట్ల ఉంది. అయినా ఈగ ఉన్నంతమాత్రాన జబ్బు రాదు. ఆ క్రిమి ఉన్న రోగిని అది ముందు కుట్టి ఉండాలి. మన దేశంలో కాలా అజార్ పాతుకుపోయి ఉన్నది బీహార్, ఝార్ఖండ్, పశ్చిమబెంగాల్, ఉత్తరప్రదేశ్ ప్రాంతాలలో. అక్కడా ఈ మధ్య సంవత్సరాలలో బాగా తగ్గింది.

"పేరు తెలిస్తే కుట్టడం మానేస్తాదా?"

తరువాతి ఆదివారం మళ్ళీ పల్లెకు వెళ్ళాం. రామమందిరం అరుగు మీద జనం చేరారు. జువాలజీ మాస్టారు సీసాలు వరసగా పెట్టి ఒక్కొక్కటీ చూపించారు. నేను వాటికి తెలుగులో మాటలు వెదికి చెప్పాను. భూతద్దం చేతులు మారింది. పిల్లలకు మళ్ళీ మళ్ళీ కావలసివచ్చింది.

అంతా విని ఒక పెద్దాయన నెమ్మదిగా అడిగాడు: "అంతా బాగుంది బాబూ. పేరు తెలిస్తే అది కుట్టడం మానేస్తాదా?"

ఎవరూ నవ్వలేదు. నవ్వవలసిన ప్రశ్న కాదది.

జువాలజీ మాస్టారు సమాధానం చెప్పారు. "మానదు తాతా. కాని దాని పేరు తెలిస్తే దాని ఇల్లు తెలుస్తుంది. ఒడ్డంతా మందు కొడితే రోజుకు రెండుసార్లు పోటు వచ్చి కడిగేస్తుంది. మిగిలిన మందుకు ముందు చచ్చేవి మిమ్మల్ని కుట్టని ఈగలు, పురుగులను వేటాడే పచ్చ ఈగలు. మీ డబ్బు సముద్రంలో పోసినట్టే."

తరువాత ఏం చేయవచ్చో ఒక్కొక్కటే చెప్పారు. ఇసుకదోమ ఎగరడంలో చాలా బలహీనమైనది. గాలి ఉంటే లేవలేదు. పొద్దు పొడిచే వేళ, కుంకే వేళ దాని జోరు ఎక్కువ. ఆ రెండు వేళలా పిల్లలకు కాళ్ళు చేతులు కప్పే బట్టలు వేయాలి. మామూలు దోమతెర కన్నాలలోంచి అది దూరిపోతుంది గనుక తెరను నమ్ముకోకుండా ఫాను కింద పడుకోబెట్టడం మేలు. పుండ్లను సబ్బుతో కడిగి శుభ్రమైన గుడ్డ కప్పితే నుసుములకు చోటుండదు. పశువులపాకలో పేడ, చెత్త నిలవ ఉండనీయకూడదు. గోడ నెర్రెలు పూడ్చాలి. రెండు వారాలకు మించి జ్వరం విడవకపోతే, మనిషి చిక్కిపోతూ ఎడమపక్క డొక్కలో పొట్ట గట్టిపడితే ఈగను చూస్తూ కూర్చోకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. జ్వరం ఏదో తేల్చవలసింది రక్తపరీక్షే గాని పుకారు కాదు.

గొర్రెలు కాసేవాడొకడు వెనకనుంచి, "ఈ మచ్చలరెక్కల ఈగ గొర్రెలను కూడా కుడతాదా?" అన్నాడు. మంచి ప్రశ్న. గొర్రెలకు వచ్చే నీలినాలుక వ్యాధిని మోసేవి ఈ క్యూలికాయిడిస్ జాతి ఈగలే. దక్షిణదేశంలో ఆ జబ్బువల్ల మందలకు మందలు దెబ్బతిన్న సంవత్సరాలున్నాయి. టీకా గురించి పశువుల డాక్టరును అడగమన్నాం.

వసూలు చేసిన డబ్బు ఎవరిది వాళ్ళకు తిరిగి ఇచ్చేయాలని ఆ రాత్రే తీర్మానించుకున్నారు. కుర్రవాడి తల్లి డబ్బు తీసుకుని, మర్నాడే చిన్నవాణ్ణి భీమిలి తీసుకువెళ్ళి పుండ్లకు మందు రాయించింది. పల్లె వదిలి పంపిన పిల్లలు నెల తిరగకముందే వచ్చేశారు.

మీ పిల్లలతో ఒకసారి

ఇవాళ చేతిలో ఫోను ఉంటే ఏ పురుగునైనా ఫొటో తీసి పేరు అడిగేస్తున్నాం. సీతాకోకచిలుకల విషయంలో అది చాలావరకు కుదురుతుంది. రెండు మిల్లీమీటర్ల ఈగకు కుదరదు. చెంప మీది వెంట్రుక పైకి తిరిగిందా, కిందికి తిరిగిందా అన్నది ఫొటోలో కనబడదు. 2003లో కెనడా శాస్త్రజ్ఞుడు పాల్ హెబర్ట్ మరొక మార్గం చూపించాడు. ప్రతి జీవిలోనూ ఉండే ఒక జన్యువు ముక్కను చదివి, దుకాణంలో సరుకు మీది గీతల్లాగా దాన్ని గుర్తుగా వాడుకోవచ్చునని. చాలా గొప్ప సాధనమే. అయినా ఆ గీతల పక్కన రాయడానికి ఎవరో ఒకరు మొదట ఈగను చూసి, వెంట్రుకలు లెక్కపెట్టి, పేరు పెట్టి ఉండాలి గదా.

ఈసారి విశాఖకో, సూర్యలంకకో, మంగినపూడికో మీరు పిల్లలతో వెళ్ళినప్పుడు ఒక భూతద్దం, ఒక తెల్లపళ్ళెం వెంట తీసుకువెళ్ళండి. పళ్ళెంలో నీళ్ళు పోసి రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపి తడి ఇసుక మీద గంటసేపు ఉంచండి. పడినవాటిని వరసగా పెట్టి, రెక్కలు రెండా నాలుగా అని పిల్లలనే లెక్కపెట్టమనండి. పక్కనే గబగబా నడుస్తూ ఇసుకను పొడిచే ఉల్లంకి పిట్టలు కనబడితే చూపించండి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచునూ చెత్తనూ పురుగులు తింటే, ఆ పురుగులను ఈ పిట్టలు తిని బతుకుతాయి. ముసిరే ఈగలన్నిటినీ ఒక్క దెబ్బతో తుడిచేయాలని మనకు అనిపిస్తుంది గాని, అవి లేని ఒడ్డు పిట్టలు లేని ఒడ్డు అవుతుంది.

మేము తెచ్చిన సీసాలు మా కాలేజీ జువాలజీ బీరువాలో ఉన్నాయి. పశువులపాకలో దొరికిన రెండింటినీ జువాలజీ మాస్టారు గాజుపలకల మీదికి ఎక్కించి, నిపుణులకు పంపడానికి కట్టి సిద్ధం చేశారు. చీటీల మీద ఊరు, తేదీ, చోటు రాసింది పల్లె కుర్రవాడు. "పేరు" అన్నచోట ప్రస్తుతానికి ఖాళీగా ఉంచాడు.